అడవి మీద సర్పంచ్ మాట చెల్లుతుందా?

ప్రశ్న: సార్, నేను అమ్రాబాద్ మండలంలో కొత్తగా గెలిచిన సర్పంచ్‌ను. మా ఊరికి మూడు దిక్కులా టైగర్ రిజర్వ్ అడవే. మా చిన్నాయన కొడుకు అమెరికాలో, కొలరాడోలో ఉంటాడు. అక్కడి కొండ ఊళ్ల నాయకులు పట్టుబట్టి సర్కారు భూముల్లో గ్యాస్ తవ్వకాలు ఆపించారని మొన్న ఫోన్లో చెప్పాడు. ఇక్కడ అడవేమో ఫారెస్టోళ్లది, యురేనియమేమో కేంద్రానిది. దాన్ని వెతకడానికి మళ్లీ బోర్లు వేస్తారేమోనని ఊరంతా టెన్షన్. మా తీర్మానానికి ఏమన్నా విలువ ఉంటుందా?
– ఒక మహిళా సర్పంచ్, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: సర్పంచమ్మా, ఉంటుంది. కానీ ఎంత విలువ అనేది మీరు అందులో ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పంచాయతీ కార్యదర్శిగా ఎన్నో ఏళ్లు తీర్మానాలు రాసిన నాకే ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

2019 మేలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోని 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నేనప్పుడు మీ దగ్గరి ఊళ్లోనే పనిచేస్తున్నా. గ్రామసభ పెట్టాం. ‘యురేనియం తవ్వకాలను మా గ్రామం వ్యతిరేకిస్తున్నది’ అని ఒక్క వాక్యం రాసి, సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. దాన్ని ఒక ఆఫీసులో ఇచ్చొస్తే నెల తర్వాత అట్లాంటి కాగితమే రాలేదన్నారు. ముట్టినట్టు రసీదు నేను తీసుకోలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోసారి సభ పెట్టినప్పుడు పెంట నుంచి, అంటే అడవిలోని చెంచుల గూడెం నుంచి, ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. పాత తీర్మానం చదివి వినిపించమన్నాడు. విని, “ఇందులో మా వాగు పేరేదీ?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. ఎండాకాలంలో కూడా నీళ్లుండే ఊట ఏది, తేనె దించే గుట్ట ఏది, బంక ఎక్కడ తీస్తారు, మేకలు ఎటు పోతాయి, ఏ చెట్టు కింద దేవర ఉంది... నేను రాస్తూ కూర్చున్నా. మూడు పేజీలు నిండాయి. ఆ కాగితం చదివినవాళ్లు ‘అక్కడ ఉత్త అడవే కదా’ అనలేరు.

ఆ ఏడాది ఊరూరా జనం లేచారు. అమ్రాబాద్, పదర, అచ్చంపేటల్లో మొదలైన మాట హైదరాబాద్ దాకా పోయింది. సెప్టెంబర్ 16న శాసనసభ నల్లమలలో యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. మా మూడు పేజీల వల్లే అయిందని అననుగానీ, కింద ఊళ్లు మాట్లాడకపోతే పైన సభ మాట్లాడేది కాదని మాత్రం గట్టిగా నమ్ముతా.

మీ తమ్ముడు చెప్పింది కొలరాడోలోని థాంప్సన్ డివైడ్ అనే కొండ ప్రాంతం గురించే అయి ఉంటుంది. అక్కడా భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే (మన కేంద్రం లాంటిది), కౌంటీది (మన జిల్లా లాంటిది) కాదు. పశువులు మేపుకునే రైతులు, వేటకు పోయేవాళ్లు, కౌంటీ కమిషనర్లు, కార్బండేల్ లాంటి చిన్న పట్నాల వాళ్లు కలిసి పదేళ్లకు పైగా కొట్లాడారు. మేత వల్ల ఎంత, వేట వల్ల ఎంత, వచ్చిపోయేవాళ్ల వల్ల ఎంత ఆదాయమో లెక్క కట్టి చూపించారు. 2024 ఏప్రిల్‌లో సుమారు 2,22,000 ఎకరాల్లో 20 ఏళ్ల పాటు కొత్త లీజులు ఇవ్వకుండా ఆర్డర్ వచ్చింది. పాత లీజులు మాత్రం రద్దు కాలేదు. 20 ఏళ్లు గడిచాక మళ్లీ అడగాల్సిందే.

ఇక చట్టం సంగతి. పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, గనుల విషయంలో గ్రామసభకు ఇచ్చిన అధికారం చిన్న ఖనిజాల వరకే. యురేనియం అందులోకి రాదు. ఎవరన్నా వస్తుందని చెబితే నమ్మకండి. మీకు పనికొచ్చేది 2006 అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షన్. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం అది గ్రామసభకు ఇచ్చింది. ఒడిశాలోని నియమగిరి కొండల సంగతి వినే ఉంటారు. 2013లో సుప్రీంకోర్టు చెబితే అక్కడ 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకాలు వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్రం అనుమతి నిరాకరించింది.

కాబట్టి అటవీ హక్కుల చట్టం కింద సభ పెట్టండి. ఊళ్లో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. రోడ్డు మీది ఊళ్లోనే పెడితే చెంచులు రాలేరు. మీరే పెంటకు పోయి అక్కడ కూర్చోండి. ఊటలు, వాగులు పేర్లతో సహా రాయండి. ఆ నీళ్లు కృష్ణలో కలుస్తాయనీ, కింద నాగార్జునసాగర్ నీళ్లు హైదరాబాద్ దాకా తాగుతారనీ రాయండి. ఇంకొక్క మాట తప్పకుండా చేర్చండి: అడవిని కాపాడమని అడుగుతున్నామంటే చెంచులను బయటికి పంపమని కాదు. వాళ్ల గ్రామసభ ఒప్పుకోకుండా కదిలించకూడదని కూడా అదే చట్టంలో ఉంది. పులుల పేరు చెప్పి పెంటలు ఖాళీ చేయించే మాట వచ్చినప్పుడు కూడా ఇదే కాగితం అడ్డం పెట్టొచ్చు.

నకళ్లు కలెక్టర్‌కు, జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ)కి, మన్ననూర్‌లోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు, ఎమ్మెల్యేకు, ఎంపీకి ఇవ్వండి. ప్రతి చోటా తేదీతో ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదును తీర్మానాల పుస్తకంలోనే అంటించండి.

ఒక నకలు ఈ పత్రికకు, నా పేరు మీద కూడా పంపండి. మీ ఊటల పేర్లు చదవాలని ఉంది.