సీరియల్ లైట్లు విప్పాక ఎలా దాచుకోవాలి

కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్లు ప్రతి జనవరిలోనూ నన్ను అడిగే ప్రశ్న ఇది. దీపావళికి ఇష్టంగా ఇంటి ముందు లైట్లు కట్టారు, క్రిస్మస్ దాకా ఉంచారు, సంక్రాంతి కూడా అయిపోయింది, ఇప్పుడు ఇవన్నీ విప్పి ఎక్కడ పెట్టాలి, పోయినేడు అట్టపెట్టెలో పడేస్తే ఈ ఏడు తీసేసరికి ఒకటే ముద్ద, చిక్కు తీయడానికే ఒక సాయంత్రం పట్టింది, తీరా తీశాక సగం వెలగలేదు, ఏం చేయాలి అని. నేను అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లు. మొదట చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉన్నాం, ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అక్కడ చలికి, ఇక్కడ ఎండకి, రెండు రకాలుగానూ లైట్లు పాడయ్యాయి కాబట్టి రెండూ చెబుతాను.

మన ఊళ్లో దీని గురించి ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. పెళ్లికైనా వినాయక చవితికైనా లైటింగ్ వాళ్లే వచ్చి కట్టి, వాళ్లే విప్పుకుని పోయేవారు. ఇక్కడ నిచ్చెన ఎక్కేదీ మనమే, విప్పేదీ మనమే, పైగా ఇల్లంతా చుట్టాలంటే ఎనిమిది పది సెట్లు కావాలి. ప్రతి ఏడూ కొత్తవి కొంటే డబ్బు దండగ. సరిగ్గా దాచుకుంటే ఎల్‌ఈడీ సెట్లు చాలా ఏళ్లు వస్తాయి. మా ఇంటి ముందు చూరు అంచున ఉండే వాననీటి గటర్‌కి కట్టేవి ఏడో ఏడు నడుస్తున్నాయి.

అసలు సంగతి ఏమిటంటే, అక్టోబరులో మీరు చూసే చిక్కు జనవరిలో విప్పిన రోజునే పడుతుంది. చలిలో బయట నిలబడలేక, త్వరగా లోపలికి వెళ్లాలని, అన్నీ కలిపి లాగి ఒక సంచిలో కుక్కేస్తాం. అందుకే విప్పే పనికి ఒక పూట పూర్తిగా కేటాయించుకోండి. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, సంక్రాంతి అయిన వెంటనే వస్తుంది, మేము ఆ వారాంతంలోనే తీసేస్తాం. మీ కాలనీకి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉంటే పండగ లైట్లు ఎప్పటిలోగా తీయాలో రూల్స్‌లో ఒకసారి చూసుకోండి. ఒక ఏడాది మేము ఫిబ్రవరి దాకా ఉంచితే మాకు ఉత్తరం వచ్చింది.

చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. గడ్డకట్టే చలిలో వైరు మీది ప్లాస్టిక్ తొడుగు కర్రలా బిగుసుకుపోతుంది, అప్పుడు వంచితే పగుళ్లు వస్తాయి. కాస్త ఎండ ఉండి, మంచు కరిగే రోజు చూసుకుని తీయండి. తీసినవి వెంటనే చుట్టకుండా ఇంట్లోకి తెచ్చి రెండు మూడు గంటలు నేల మీద పరిచి ఉంచండి. వైరు మెత్తబడుతుంది, తడి కూడా ఆరుతుంది. తడితో డబ్బాలో పెడితే బల్బు కూర్చునే గుంటలో రాగికి పచ్చగా చిలుము పడుతుంది, ఆ బల్బు తర్వాత ఏడాది వెలగదు. ముందు ప్లగ్ తీసేయండి, ఆ తర్వాతే క్లిప్పులు ఒక్కొక్కటిగా ఊడదీయండి. కింద నిలబడి లాగొద్దు, బల్బు మొదట్లో వైరు తెగేది అలాగే.

చుట్టేముందు ప్రతి సెట్టునూ ఒకసారి వెలిగించి చూడండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, చెడిపోయినదాన్నే పది నెలలు జాగ్రత్తగా దాచుకుంటారు. పాత రకం చిన్న బల్బుల సెట్టులో వంద బల్బులుంటే, మామూలుగా అవి యాభై యాభై చొప్పున రెండు వరసలు. ఒక్కో బల్బుకి రెండున్నర వోల్టులు, యాభై కలిపితే సుమారుగా ఇక్కడి 120 వోల్టులకు సరిపోతాయి. బల్బు లోపల ఫిలమెంట్ తెగినా కరెంటు దాటిపోయేలా చిన్న వైరు చుట్టి ఉంటుంది కాబట్టి ఒకటి మాడితే మిగతావి వెలుగుతూనే ఉంటాయి. కానీ బల్బు వదులైనా, ఊడిపోయినా ఆ వరస మొత్తం ఆరిపోతుంది. కాబట్టి సరిగ్గా సగం వెలగకపోతే పారేయకుండా బల్బుల్ని ఒక్కొక్కటీ నొక్కి చూడండి. సెట్టు మొత్తం వెలగకపోతే ప్లగ్ మీదున్న చిన్న మూత జరపండి, లోపల చిన్న ఫ్యూజులుంటాయి. కొన్నప్పుడు ప్లగ్‌కి అంటించి ఉండే చిన్న కవరులో స్పేర్ ఫ్యూజులు ఇస్తారు, దాన్ని పారేయకండి.

ఇక చుట్టడం. మనందరికీ అలవాటైన పద్ధతి బొటనవేలికీ మోచేతికీ మధ్య తాడులా చుట్టేయడం. అలా చుడితే ప్రతి చుట్టుకీ వైరులో ఒక మెలిక పడుతుంది, వంద చుట్లకి వంద మెలికలు. చేతిలోంచి తీయగానే అవి తిరగబడి ఒకదాంట్లో ఒకటి దూరతాయి. 2007లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే ఇద్దరు ఒక పెట్టెలో తాడు వేసి, పెట్టెను గిరగిరా తిప్పి ముడులు ఎలా పడతాయో చూశారు. కొన్ని సెకన్లలోనే ముడి పడిందట. తాడు పొడవుగా, మెత్తగా ఉంటే ఇంకా ఎక్కువ. పక్కపక్కనే ఉన్న చుట్ల మధ్యలోకి తాడు కొస దూరుతూ పోవడం వల్ల ముడి పడుతుందని వాళ్లు వివరించారు. లైట్ల డబ్బాను గరాజ్‌లో ఇటు జరిపి అటు జరిపినప్పుడల్లా లోపల జరిగేది అదే. కొసలు రెండూ కదలకుండా ఉంటే, వైరు జారకుండా ఉంటే ముడి పడదు.

అందుకని మేము అట్టముక్క మీద చుడతాం. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిన సామాను వచ్చే గట్టి అట్టపెట్టెలు ఇంటినిండా ఉంటాయి కదా, అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పున ముక్కలు కోసి, రెండు చివర్లా కత్తెరతో చిన్న గాట్లు పెట్టండి. మొదలుపెట్టడం మాత్రం ప్లగ్ వైపు నుంచి కాదు. ఇంకో సెట్టు తగిలించే చివర ఉంటుంది చూశారా, దాన్ని మొదటి గాట్లో దూర్చి అక్కడినుంచి చుట్టుకుంటూ రండి, ప్లగ్ ఆఖరున పైకి రావాలి, దాన్ని రెండో గాట్లో బిగించండి. ఇలా చేస్తే వచ్చే ఏడాది అట్ట మీద ఉండగానే ప్లగ్ పెట్టి ఒక్క నిమిషం వెలిగించి చూసుకోవచ్చు, కట్టేటప్పుడు కూడా కరెంటు పాయింట్ దగ్గర మొదలుపెట్టి అట్టను తిప్పుకుంటూ పోవచ్చు, చిన్నప్పుడు సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తూ చరఖా తిప్పి దారం వదిలినట్టే. పాత రకం బల్బులైతే చుట్ట మీద ఎక్కువసేపు వెలిగించొద్దు, ఒకచోటే ఉండి వేడెక్కుతాయి. మరీ బిగించి చుట్టకండి, బల్బు పక్కన వైరు వంగినచోటే తెగుతుంది. అట్టకి ఒక్క సెట్టే. రెండు కలిపితే మళ్లీ మొదటికే వస్తుంది.

గటర్ నుంచి కిందికి వేలాడే ఐసికిల్ లైట్లు అట్ట మీద చుట్టడం కుదరదు, చిక్కు పడటంలో వీటిని మించినవి లేవు. వాటికి చీర కుచ్చిళ్లు పెట్టినట్టు పైనున్న పొడుగు వైరును జానెడు జానెడు మడతలు పెట్టుకుంటూ పోండి, వేలాడే కొసలన్నీ ఒకే వైపుకి వస్తాయి, వాటిని రెండు చోట్ల మెత్తటి గుడ్డపీలికతో కట్టండి. ముడి మాత్రం జారుముడే, పీటముడి వేస్తే మళ్లీ కత్తెర పట్టాలి. పొదల మీద పరిచే నెట్ లైట్లను దుప్పటిలా మడిచి, మడతకీ మడతకీ మధ్య న్యూస్ పేపర్ పెట్టండి. గొట్టంలా ఉండే రోప్ లైట్‌ను ఎక్కడా మడవకుండా పెద్ద చుట్టగా ఉంచండి. సన్నటి రాగి తీగతో వచ్చే ఫెయిరీ లైట్లు, పూజ మందిరానికి కట్టేవి, బ్యాటరీ తీసేసి ఖాళీ సీసాకి చుట్టి పెట్టండి. బ్యాటరీ లోపలే ఉంచితే ఏడాదిలో కారి స్ప్రింగులు తినేస్తుంది.

ఎక్కడ పెట్టాలి అంటే, టెక్సస్ లాంటి చోట్ల అటక మీద మాత్రం వద్దు. వేసవిలో ఇక్కడి ఆటిక్ 130 డిగ్రీల ఫారెన్‌హీట్ సులువుగా దాటుతుంది. ఫ్రిస్కో వచ్చిన మొదటి ఏడాది అక్కడ పెట్టిన క్లిప్పులన్నీ దీపావళికి తీస్తే చేతిలో పెళుసుగా విరిగిపోయాయి. మెట్ల కింది అల్మరా అయినా, గెస్ట్ రూమ్ క్లోజెట్ అయినా, ఇంటి లోపల ఏసీ తగిలేచోటు మంచిది. గరాజ్ తప్పకపోతే మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నేలకి ఎత్తుగా ఉంచండి. అట్టపెట్టె పనికిరాదు, చలికాలంలో ఎలుకలు దూరతాయి. కొత్త చెప్పులతో, బ్యాగులతో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు లోపల వేయండి. ఈ డబ్బాలూ లైట్లూ కొనడానికి డిసెంబరు 26 నుంచి షాపుల్లో ధరలు బాగా తగ్గుతాయి, అప్పుడు తీసుకోండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. నేపర్‌విల్‌లో ఉన్నప్పుడు ఒక సెట్టును ఎలుక కొరికింది, నాకు కనబడలేదు. దీపావళి రోజు చిన్న చినుకు పడగానే బయటి ప్లగ్ పాయింట్ ఆగిపోయింది. బటన్ నొక్కితే వస్తుంది, మళ్లీ పోతుంది. ఆ పాయింట్‌ని జీఎఫ్‌సీఐ అంటారు, అయిదు మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు పక్కకి కారినా కట్ చేసేస్తుంది. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ లాగి పెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు. అలా ఎప్పుడూ చేయకండి. అది ఆగిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం, వైరు తేలి ఉండొచ్చు. మనకి తెగిన వైరుకి టేపు చుట్టి వాడుకోవడం అలవాటు, ఇటుక గోడల ఇళ్లలో పెరిగాం. ఇక్కడి ఇళ్లు లోపలంతా కర్ర, అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. వైరు తొడుగు పగిలినా, రాగి కనబడినా, ప్లగ్ దగ్గర మాడినట్టు నల్లగా ఉన్నా ఆ సెట్టు పారేయండి. పారేసేటప్పుడు ఇంటి ముందు రీసైకిల్ బిన్‌లో వేయొద్దు, ఈ వైర్లు అక్కడి మెషిన్లకి చుట్టుకుంటాయి. పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునే సెంటర్లు మీ ఊళ్లో ఉంటాయి, అక్కడ ఇవ్వండి.

పసిపిల్లలున్నవాళ్లు చుట్టే పని వాళ్లు పడుకున్నాక పెట్టుకోండి. చాలా సెట్ల వైరు తొడుగులో సీసం ఉంటుంది, డబ్బా మీద కాలిఫోర్నియా హెచ్చరిక రాసేది అందుకే. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, పిల్లలు మాత్రం నోట్లో పెట్టుకోకూడదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తూ కోఠి ట్రూప్ బజార్‌లో కొన్న సీరియల్ సెట్లు తెస్తుంటారు. అవి 230 వోల్టులవి, ఇక్కడ వెలిగితే మినుకుమినుకుమంటాయి, లేదంటే అసలు వెలగవు. ట్రావెల్ అడాప్టర్ ప్లగ్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. ఇక్కడినుంచి చెల్లి పెళ్లికని సేల్‌లో కొని సూట్‌కేసు నిండా తీసుకెళ్లేవాళ్లకి ఇంకా నష్టం, అక్కడ ప్లగ్ పెట్టగానే రెట్టింపు వోల్టేజికి మాడిపోతాయి.

చివరగా, డబ్బా మూత మీద ఒక మాస్కింగ్ టేపు అంటించి, ఎన్ని సెట్లు, ఏది ఎక్కడ కట్టారు, మార్కరుతో రాసేయండి. మాది ‘గరాజ్ పైన మూడు సెట్లు, గుమ్మానికి ఒకటి, టైమర్ లోపల ఉంది’ అని ఉంటుంది. క్లిప్పులు, టైమర్, బయట వాడే ఎక్స్‌టెన్షన్ కూడా అదే డబ్బాలో. కట్టినప్పుడు ఇంటి ముందు నిలబడి తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. ఈ ఏడాది దీపావళి ఎప్పుడొచ్చినా సెప్టెంబరు చివరి వారాంతంలో డబ్బా దించి, అట్టల మీద ఉండగానే ఒక్కోటీ వెలిగించి చూసుకోండి. ఏదైనా పోతే తెప్పించుకోవడానికి టైమ్ ఉంటుంది.