ఆ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను, తప్పు చేశానా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఒక్కడే బాబు, ఆరో తరగతి. నేను పది వరకు తెలుగు మీడియంలో చదివాను. వాడు మాత్రం ఎప్పుడు చూసినా ఇంగ్లీషు కథల పుస్తకాలే. అమెరికాలో ఉండే మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా పెట్టెలో సగం అవే తెస్తుంది. వాటిలో ఏముందో నాకు అర్థం కాదు. అడిగితే ‘నీకు తెలీదులే అమ్మా’ అంటాడు. మొన్న ‘ద బ్రిడ్జ్ హోమ్’ అనే పుస్తకం చదువుతూ చదువుతూ వంటింట్లోకి వచ్చి, ‘అమ్మా, నాన్న కొట్టినప్పుడు నువ్వెందుకు వెళ్లిపోలేదు?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మావారికి కోపం వస్తే ఒకటి రెండుసార్లు చేయి చేసుకున్న మాట నిజమే, అంతకుమించి చెడ్డమనిషి కాదు. ‘పోయి చదువుకో’ అని కసిరాను. పక్కింటి బీటెక్ అమ్మాయికి ఆ పుస్తకం చూపిస్తే, పిల్లలు ఇంట్లోంచి పారిపోయే కథ అంది. భయమేసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటి నుంచి వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తప్పు చేశానా? ఏడుపులు, గొడవలు లేకుండా నీతి ఉన్న పుస్తకాలు నాలుగు చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు. పుస్తకం దాచడం తప్పా అన్నది ఒకటి, మంచి పుస్తకాల పేర్లు రెండోది. ఆ రెంటి మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పేసి దాటిపోయింది ఇంకొకటుంది. మీరు దాటినంత సులువుగా నేను దాటలేను. దాని దగ్గరికి వద్దాం, ముందు పుస్తకం సంగతి చూద్దాం.

అది నేను చదివిన పుస్తకమే. రాసిన పద్మా వెంకట్రామన్ మద్రాసులో పుట్టిన మనిషి, సముద్రశాస్త్రం చదువుకుని అమెరికాలో స్థిరపడ్డారు. 2019లో వచ్చింది. విజి, రుక్కు అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. రుక్కుకి వయసుకు తగ్గ మానసిక ఎదుగుదల లేదు. తండ్రి తాగొచ్చి తల్లిని కొడుతుంటాడు. ఆ చెయ్యి తమ మీదా పడ్డాక విజి రుక్కుని వెంటబెట్టుకుని బస్సెక్కి చెన్నై వెళ్లిపోతుంది. తల్లి మాత్రం ఇల్లు వదలదు. అక్కడ ఒక పాడుబడ్డ వంతెన మీద అరుళ్, ముత్తు అనే ఇద్దరు పిల్లలతో కలిసి బతుకుతారు. చెత్తకుప్పల్లో గాజుముక్కలు, రేకులు ఏరి అమ్ముకుంటారు. ఒక కుక్కపిల్ల వచ్చి చేరుతుంది. రుక్కు పూసలు గుచ్చి దండలు చేస్తుంది. ఆ భాగాలు చదువుతుంటే నవ్వొస్తుంది కూడా. తర్వాత జబ్బు చేసి రుక్కు చనిపోతుంది. కథంతా విజి ఆ పోయిన రుక్కుతో ‘నువ్వు’ అంటూ చెప్పుకునేదే.

మీవాణ్ణి పారిపొమ్మని ఇందులో ఎక్కడా లేదు. ఆకలి, దోమలు, కుప్పల కంపు, ‘నేను తీసుకురాబట్టే కదా’ అని విజి కుమిలిపోవడం, ఇవన్నీ చదివిన పిల్లాడికి ఇంట్లోంచి వెళ్లిపోవాలని సరదా ఎందుకు పుడుతుంది? పది దాటిన పిల్లల కోసమే వేసిన పుస్తకమది. వయసుకు మించినది కాదు. ఏడిపిస్తుంది, నిజమే. పదకొండేళ్లవాడు ముక్కూమొహం తెలియని పిల్ల కోసం కళ్లనీళ్లు పెట్టుకుంటే దానికి మందు వెయ్యాల్సిన పనిలేదు.

మీ పక్కింటి అమ్మాయి మీద నాకు కోపం లేదు గానీ, అట్ట వెనకాల రాసింది చూసి కథ చెప్పేస్తే ఇలాగే ఉంటుంది. పిల్లలు పారిపోయారని చెప్పింది, ఎందుకు పారిపోయారో చెప్పలేదు.

ఇక మూడోది. మీవాడు ‘ఆ కథలో అమ్మ ఎందుకు వెళ్లలేదు’ అని అడగలేదు, మీ ఉత్తరం మళ్లీ చూసుకోండి. ‘నువ్వెందుకు వెళ్లిపోలేదు’ అన్నాడు. అంటే వాడు చూశాడు. చూసి, మనసులో పెట్టుకుని, ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాడు. ఇన్నాళ్లకు ఒక కథ దొరికింది, అందులో ఒక అమ్మ దొరికింది, ఆ కొస పట్టుకుని మీ దగ్గరికి వచ్చాడు. వచ్చినందుకు కసిరించుకున్నాడు. పుస్తకం కూడా పోయింది. ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని వాడికి అర్థమైంది. మాట్లాడటం మానేశాడంటే మొండితనమని అనుకోకండి.

కాబట్టి తాళం తీయండి. తీసి వాడి చేతికివ్వండి. ఎప్పుడు, ఎలా అని వెతుక్కోవద్దు. ఎదురుగా కూర్చోబెట్టి మొహంలోకి చూస్తూ అడిగితే ఈ వయసు మగపిల్లలు నోరు విప్పరు. మీరు గోంగూర ముందేసుకుని ఆకు తుంచుతున్నప్పుడు పిలవండి, వాడికీ రెండు కట్టలు ఇవ్వండి. చేతులు పనిలో ఉండి, కళ్లు కాడల మీద ఉంటే మాట దానంతటదే వస్తుంది. ‘ఆవేళ నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదురా’ అని మీరే మొదలుపెట్టండి. తర్వాత చెప్పాల్సినవి మూడు ముక్కలు. నాన్న కొట్టడం తప్పు. అది నీ వల్ల జరగలేదు. దాని సంగతి చూసుకోవాల్సింది పెద్దవాళ్లం, నువ్వు కాదు.

రెండోది మరిచిపోవద్దు. నా మార్కుల వల్లే నాన్నకి కోపం వచ్చింది, నేను అన్నం పెట్టుకోకపోతేనే అమ్మని కొట్టాడు అని పిల్లలు లోపల లెక్కలు కట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ లెక్క తరచుగా చూస్తాను. అలాగే ‘నాన్నతో అనకు’ అని వాడి చేత ఒట్టు వేయించుకోకండి, మీ తరఫున వాణ్ణి సాక్షిగానూ నిలబెట్టకండి.

మీవారి గురించి. సీజన్‌లో యార్డు ఎలా ఉంటుందో గుంటూరు మనుషులకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చి పడుతుంటాయి, రేటు జారితే అటు రైతు నిలదీస్తాడు, ఇటు ఎక్స్‌పోర్టువాళ్లు డబ్బు ఆపేస్తారు. ఒత్తిడి నిజమే. అయితే ఒకటి ఆలోచించండి. అంత కోపంలోనూ ఆయన యార్డులో రైతు మీద చెయ్యెత్తరు, హమాలీ మీద ఎత్తరు, బ్యాంకు మేనేజరు మీద అసలే ఎత్తరు. పొద్దుటి నుంచీ అణుచుకోగలిగిన కోపం ఇంటి గడప దాటగానే అణుచుకోలేనిది ఎందుకవుతుంది? చెడ్డమనిషా మంచిమనిషా అన్న తీర్పు నేను ఇవ్వను. ఒకటి రెండుసార్లే అన్నారు, సరే. మూడోసారి ఉండకూడదు.

గొడవ జరిగిన రాత్రి ఈ మాట ఎత్తకండి. ఆయన స్థిమితంగా ఉన్న ఆదివారం పొద్దున, బాబు ఇంట్లో లేనప్పుడు, వాడు అడిగిన ప్రశ్నని వాడు అడిగినట్టే చెప్పండి. మీ ఫిర్యాదులు తర్వాత. కొడుకు నోటి వెంట ఆ మాట వచ్చిందని వింటే చాలామంది తండ్రులు కాసేపు మాట్లాడలేరు. విని సిగ్గుపడే మనిషైతే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. విని మీ మీదకే వస్తే, లేదా బాబుని పట్టుకుని ‘నువ్వు చెప్పావా’ అంటే, ఇక ఇంట్లో సర్దుకునే సంగతి దాటిపోయిందని అర్థం. అలా వస్తారని ముందే అనుమానముంటే ఒంటరిగా ఉన్నప్పుడు ఈ మాట ఎత్తనే వద్దు, పుట్టింటివాళ్లో ఆయన గౌరవించే పెద్దవాళ్లో దగ్గరుండాలి. గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చింది. దాని కింద ఫిర్యాదు చేయాలంటే ఇల్లు వదలక్కర్లేదు, విడాకులు అడగక్కర్లేదు, ఆ ఇంట్లో ఉండే హక్కు మీకు ఉంటుంది. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181. ఈరోజు చేయమని అనడం లేదు, నంబరు మాత్రం గుర్తుంచుకోండి.

మీ ఆడపడుచు పెట్టెలో సగం పుస్తకాలు తెస్తుందన్న చోట కాస్త చురుకు కనిపించింది నాకు. మీకు రాని భాషలో మీ కొడుకుతో ఆవిడ దగ్గరవుతోందని బాధ ఉండొచ్చు. ఆవిడకి నేరుగా ఫోన్ చేయండి. ‘వదినా, ఈ పుస్తకం ఏరికోరి తెచ్చావా’ అని అడగండి. తమ్ముడి కోపం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి, ఆవిడ చెప్పే మాట మీకు పనికిరావచ్చు.

ఇప్పుడు పుస్తకాలు. నీతి ఉన్నవి కావాలన్నారు. ఈ వయసువాళ్లు నీతిని మూడో పేజీలోనే పసిగట్టి పుస్తకం మూసేస్తారమ్మా. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం ఈ పదేళ్లలో వచ్చిన నవలల్లో మంచివి చూస్తే, పిల్లలకు నిజంగా ఎదురయ్యే కష్టాలు కథలో పెట్టి, తీర్పు వాళ్లకే వదిలేస్తున్నారు.

మీ ఇద్దరికీ కలిసివచ్చేది పీటర్ బ్రౌన్ రాసిన ‘ద వైల్డ్ రోబో’. 2016లో వచ్చింది. ఓడ మునిగి ఒక దీవికి కొట్టుకొచ్చిన రోజ్ అనే రోబో, తల్లి లేని పెద్దబాతు పిల్లని సాకుతుంది. తల్లి ఎలా ఉండాలో దానికి తెలియదు, అడవిలో జంతువుల్ని అడిగి నేర్చుకుంటుంది. అధ్యాయాలు చిన్నవి, బొమ్మలు రచయిత వేసినవే. 2024లో సినిమాగానూ వచ్చింది, భాష పూర్తిగా రాకపోయినా బొమ్మ చూస్తే మీకు కథ అందుతుంది. పుస్తకంలో ఉండి సినిమాలో లేనివేమిటో మీవాణ్ణి అడగండి. గంట సేపు ఆపడు.

బొమ్మల పుస్తకమైతే చదువు కిందికి రాదని అనేవాళ్లున్నారు. జెర్రీ క్రాఫ్ట్ గీసిన ‘న్యూ కిడ్’కి 2020లో న్యూబెరీ మెడల్ ఇచ్చారు. అమెరికాలో పిల్లల పుస్తకాలకు అది పెద్ద గౌరవం, బొమ్మల నవలకు అది రావడం అదే మొదటిసారి. కొత్త బడిలో ఇమడలేని కుర్రాడి కథ. బడి మారిన పిల్లలకు బాగా పడుతుంది.

మన దేశం కథ కావాలంటే సిద్ధార్థ శర్మ ‘ఇయర్ ఆఫ్ ద వీడ్స్’. ఒడిశాలో తోటపని చేసుకునే కొరోక్ అనే గోండు కుర్రాడు, వాళ్ల కొండ మీద కన్నేసిన గనుల కంపెనీ. ఒడిశాలో నియమగిరి కొండల కోసం గనుల కంపెనీతో ఆదివాసీలు చేసిన పోరాటం తెలిసిన పెద్దవాళ్లకూ ఆసక్తిగా ఉంటుంది. వీరా హిరానందానీ ‘ద నైట్ డైరీ’ మాత్రం ఒక ఏడాది ఆగి ఇవ్వండి. దేశవిభజనప్పుడు సింధ్‌లోని మీర్‌పూర్ ఖాస్ నుంచి కట్టుబట్టలతో బయల్దేరిన కుటుంబం. పన్నెండేళ్ల నిషా నలుగురిలో నోరు విప్పదు. తనని కనగానే పోయిన తల్లికి రోజూ రాత్రి డైరీలో ఉత్తరం రాస్తుంది. దారిలో హింస ఉంటుంది, అందుకే ఆగమన్నాను.

తెలుగులో ఏమీ రావడం లేదన్న మాట నేను ఒప్పుకోను. డి.కె. చదువులబాబు కథలు ‘వజ్రాల వాన’కు 2023లో, చంద్రశేఖర్ ఆజాద్ నవల ‘మాయాలోకం’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. మీవాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడేమో, అలా అయితే చదవమని బలవంతపెట్టొద్దు. మీరు చదివి వినిపించండి. పడుకునే ముందు ఒక అధ్యాయం మీరు తెలుగులో చదవడం, మర్నాడు వాడు తన ఇంగ్లీషు కథ మీకు తెలుగులో చెప్పడం. ‘నీకు తెలీదులే’ అన్నవాడు మీకు తెలిసేలా చెప్పడానికి తంటాలు పడాలి. పుస్తకంలో ఏముందో మీకు తెలుస్తుంది, పక్కింటి అమ్మాయిని అడిగే పని తప్పుతుంది.

కొనడానికి విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులున్నాయి, జనవరి మొదట్లో అక్కడ జరిగే పుస్తక మహోత్సవానికి వాణ్ణి తీసుకెళ్లి, ఇంత అని డబ్బు చేతికిచ్చి వదిలేయండి. వాడు కొన్నది మీకు నచ్చకపోయినా నోరు మెదపకండి.

ఒక్కటి కనిపెట్టి చూడండి. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం, తండ్రి బండి చప్పుడు వినగానే గదిలోకి వెళ్లి తలుపేసుకోవడం, బడిలో చిన్నపిల్లల్ని కొట్టడం, ఇలాంటివి వారాల తరబడి కనిపిస్తే పుస్తకాలతో సరిపెట్టకండి. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బయటికి వెళ్లడం కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, రుసుము ఏమీ ఉండదు.