ప్రయాణాల డబ్బు ఏ వయసులో ఎటు పోతుంది

చిరంజీవి బాబుకి, పెదనాన్న ఆశీస్సులు.

ప్రయాణాలకి ఏడాదికి ఎంత పక్కన పెట్టాలని అడిగావు. ఏటా ఒకే మొత్తం అనుకుంటే కుదరదు. ఇంట్లో మనుషుల వయసు మారే కొద్దీ ఆ డబ్బు పోయే చోటూ మారుతుంది.

ముందు రెండు ఖాతాలు పెట్టుకో. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, అత్తారింటికి పండక్కి వెళ్లడం ఒకటి. సరదాకీ దైవదర్శనానికీ రెండోది. రెండూ కలిపేస్తే మాఘమాసం ముహూర్తాలే దసరా యాత్ర డబ్బుని మింగేస్తాయి. మొదటి ఖాతాలో టికెట్టు ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. మన శ్రీకాకుళం ఊళ్లోంచి అక్కడికి పదమూడు కిలోమీటర్లు. అర్ధరాత్రి బండికి సామాన్లతో వెళ్లే ఆటో, చదివింపులు, కొత్త బట్టలు, దారి తిండి అన్నీ రాయి.

మీరిద్దరే ఉన్న ఈ రెండు మూడేళ్లలోనే దూరపు యాత్రలు ముగించుకోండి. కాశీ అయినా, హంపీ అయినా ఇప్పుడే. రెండు బెర్తులు, ఒక గది చాలు. బడులు నడిచే రోజుల్లో సెలవు పెట్టుకోగలరు, అప్పుడు గది అద్దెలూ తక్కువ. పిల్లలు బడిలో చేరాక ఈ వీలు ఉండదు.

బిడ్డ పుట్టాక టికెట్టు ఖర్చు పెరగదు గానీ మిగతావన్నీ పెరుగుతాయి. అయిదేళ్ల లోపు పిల్లలకి విడిగా బెర్తు అడగకపోతే రైల్లో టికెట్టే అక్కర్లేదు. కానీ బస్సులో వెళ్లేవాళ్లు కారు మాట్లాడుకుంటారు, వేడినీళ్లున్న గది చూస్తారు, బిడ్డకి ఒళ్లు వెచ్చబడితే ఒక రోజు ముందే తిరిగొస్తారు. అందుకే అనుకున్న ఖర్చుకి పైన నాలుగో వంతు చేతిలో ఉంచుకో. బిడ్డకి మూడేళ్లు వచ్చేదాకా దగ్గరి ఊళ్లే మేలు: అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, కళింగపట్నం తీరం, చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులు. పొద్దున్న వెళ్లి చీకటి పడేలోపు ఇంటికి రావచ్చు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కోడలికి రాష్ట్ర ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ఒడిశాకి వెళ్లే బస్సుల్లో అది చెల్లదు.

అసలు భారం అయిదు నుంచి పదిహేనేళ్ల మధ్య. అయిదు నిండి పన్నెండు లోపైతే, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. ఆరేడేళ్ల దాకా సగం టికెట్టుతో సర్దుకోవచ్చు. ఆ తర్వాత ఇద్దరు ఒక బెర్తులో రాత్రంతా పడుకోలేరు. మర్నాడు పిల్లాడు చిరాకుపడితే దర్శనం కూడా సరిగ్గా అవదు. ఇంకోటి, బడి సెలవులు అందరికీ ఒకేసారి. రిజర్వేషన్ అరవై రోజుల ముందు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13న కూర్చోవాలి. తత్కాల్‌ని నమ్ముకోకు. ఖరారైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే రూపాయి వెనక్కి రాదు.

మీ నలుగురికి మీ అమ్మ తోడైతే చిన్న కారు చాలదు. ఒక గది రెండు గదులవుతుంది. ఒక్క మనిషి పెరిగితే ఒక్క మనిషి ఖర్చే పెరుగుతుందని లెక్కేస్తే అక్కడే దెబ్బతింటారు.

ఇంటర్ రెండేళ్లూ యాత్రలు ఆగుతాయి, ఖర్చు మాత్రం ఆగదు. విశాఖకో విజయవాడకో హాస్టలుకి నెలనెలా వెళ్లడం, పరీక్షా కేంద్రాలు, కౌన్సెలింగ్. రెండో ఖాతాని మూసెయ్యకుండా వాటికి మళ్లించు.

మీ అమ్మానాన్నల ప్రయాణాలు మాత్రం వాయిదా వెయ్యకు. మోకాళ్లు పనిచేస్తున్నప్పుడే మెట్లున్న గుళ్లు చూపించు. రైల్లో వృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకు. ఆర్టీసీలో అరవై నిండితే పావు వంతు తగ్గింపు ఉంది. కింది బెర్తు కోటా మగవాళ్లకి అరవై, ఆడవాళ్లకి నలభై అయిదు నుంచి వర్తిస్తుంది. అయితే మీ అందరి పేర్లూ ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా దొరకదు. వాళ్లిద్దరికీ విడిగా ఆ కోటాలో టికెట్టు తీసి, వెంటనే అదే పెట్టెలో మీకు తీసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న