పసిబిడ్డ పిత్తనాళాలను సొంత రక్షణ కణాలే ఎందుకు దెబ్బతీస్తాయి?

మీ చెల్లెలి బిడ్డకు ‘బిలియరీ అట్రీషియా’ (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు) అనుమానం ఉందని, ఇందులో రోగనిరోధక కణాల పాత్ర ఉంటుందని కడపలో డాక్టరు చెప్పారన్నారు కదా. మూలకారణం ఇంకా పూర్తిగా తేలలేదు. వైరస్ సోకడం ఒక అనుమానం. నష్టం చేసేది మాత్రం ఎక్కువగా మన కణాలే. టి కణాలు, ఎన్‌కే కణాలు అనే తెల్లరక్తకణాలు పిత్తనాళాల లోపలి పొరపై దాడి చేస్తాయి, కాలేయంలోని మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణాలు) వాపును ఎగదోస్తాయి. నాళాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. పైత్యరసం కాలేయంలోనే నిలిచి దాన్ని గట్టిపరుస్తుంది.

ఈ కణాలను అణచాలని స్టెరాయిడ్లు వాడి చూశారు, ఆశించిన మేలు కనిపించలేదు. అందుకే శస్త్రచికిత్స ఆలస్యం కాకుండా, పసరు మందులతో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి. మలం సున్నంలా పాలిపోయి, మూత్రం గుడ్డకు పసుపు మరక పెడుతుంటే వెంటనే డైరెక్ట్ బిలిరుబిన్ (పైత్యరసంలోని పసుపు పదార్థం రక్తంలో ఎంత ఉందో చూసే) పరీక్ష చేయించండి. జపాన్ సర్జన్ మోరియో కసాయ్ పేరిట జరిగే, పేగును నేరుగా కాలేయానికి కలిపే శస్త్రచికిత్స బిడ్డ పుట్టిన 60 రోజుల లోపు అయితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.