థీమ్ సంగతి తర్వాత, ముందు థ, ధ విడివిడిగా కనిపిస్తున్నాయా?

ప్రశ్న: కొత్తగా ప్రోగ్రామింగ్ ఉద్యోగంలో చేరాను. కోడ్ ఎడిటర్‌లో ఏ కలర్ థీమ్, ఏ ఫాంట్ పెట్టుకుంటే కళ్లకు మంచిది? అందరూ డార్క్ థీమే అంటున్నారు.

ఆ "అందరూ" ఎవరో నాకు తెలుసు. వెనకాల ఊదారంగు లైటు పెట్టుకుని, ఈ థీములు వాడకపోతే మీరు డెవలపరే కాదు అని యూట్యూబ్‌లో చెప్పే బాపతు. వాళ్లు ఎడిటర్‌ని థంబ్‌నెయిల్ కోసం ముస్తాబు చేస్తారు. మీరేమో పొద్దున్నించి సాయంత్రం దాకా దాంట్లో చదవాలి. రాయడం కంటే చదవడమే ఎక్కువ. కొత్త ఉద్యోగం అంటున్నారు కాబట్టి, కొన్నాళ్లపాటు ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చదవడమే మీ పని, రాసిపెట్టుకోండి. అందుకని థీమ్ గురించి బెంగపడకండి. ముందు ఫాంట్, దాని సైజు, లైన్ల మధ్య ఎడం. ఈ మూడూ కుదిరాక రంగులు చూసుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆఫీసులో ఒకసారి పూటంతా దీనికే పోయింది.

అప్పట్లో మా టీము ఒక విద్యాసంస్థల గ్రూపుకి అడ్మిషన్ల సాఫ్ట్‌వేర్ చూసేది. బ్రాంచీల్లో క్లర్కులు ఎక్సెల్ షీట్‌లో పిల్లల వివరాలు నింపి అప్‌లోడ్ చేస్తారు. కాలమ్ పేర్లు తెలుగులోనే ఉండాలని క్లయింట్ పట్టుబట్టారు, అది మంచిదే. కానీ షీట్‌లో ఉన్న ఆ తెలుగు పేరునే కోడ్‌లోని తెలుగు పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూసేలా ఏ మహానుభావుడు డిజైన్ చేశాడో గానీ, నేను చేరేసరికే అది అలా ఉంది. మారుద్దామంటే "ఇప్పుడు నడుస్తోంది కదా" అనేవాళ్లు.

జూన్‌లో, బడులు తెరిచే రోజుల్లో, నల్గొండ వైపు బ్రాంచి నుంచి ఫోన్. షీట్ ఎక్కించినప్పుడల్లా "విద్యార్థి పేరు కాలమ్ లేదు" అని ఎర్రక్షరాల్లో వస్తోందట.

"ఉన్నది మేడం. మొదటి కాలమే అది. మీరు పంపిన నమూనా చూసుకుంటనే టైప్ చేసిన."

షీట్ తెప్పించుకుని చూశాం. ఉంది. కోడ్ తెరిచాం. అదే మాట. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం, తేడా లేదు. చివర స్పేస్ ఏమైనా ఉందేమోనని తీసేసి చూశాం, అయినా అదే ఎర్రక్షరాలు. ఒకరు క్యాష్, అంటే సిస్టమ్ దాచుకున్న పాత కాపీలు, క్లియర్ చేయమన్నారు. మేనేజరు వచ్చి సర్వర్ రీస్టార్ట్ చేశారా అని అడిగి వెళ్లారు. ఏ సమస్యకైనా ఆయన దగ్గరున్న మందు అదొక్కటే. అక్కడ బ్రాంచిలో తల్లిదండ్రులు లైన్లో నిలబడి ఉన్నారు, ఇక్కడ మాకు టెన్షన్.

మా టీములో ఖమ్మం నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. వాడి ఎడిటర్‌లో అక్షరాలు ఒకటో తరగతి వాచకంలో ఉన్నంత పెద్దవిగా ఉండేవి. మందపాటి కళ్లద్దాలు, కంటి ముందు పొర వంపు సమంగా లేకపోతే రాసే సిలిండర్ పవర్ కూడా ఉంది. "తెర మీద పది లైన్లు కూడా పట్టవు, ఎలా చేస్తావురా పని" అని అందరూ ఏడిపించేవాళ్లు. వాడి మెషీన్లో కూడా ఇలాగే వస్తుందేమో చూడమని ఆ షీట్ పంపాం. వాడు కాలమ్ పేరు కాపీ చేసి ఎడిటర్‌లో కోడ్ పక్కన అతికించాడు. కుర్చీలో వెనక్కి జరిగి, "అక్కా, దీంట్లో చుక్క లేదు" అన్నాడు.

వెళ్లి చూస్తే నిజమే. కోడ్‌లో ఉన్నది విద్యార్థి. షీట్‌లో ఉన్నది విద్యార్ధి. థ కి, ధ కి మధ్య తేడా పొట్టలో చుక్క ఒక్కటే. మామూలు అక్షరంగా ఉన్నప్పుడు ఎలాగోలా కనిపిస్తుంది. ఈ మాటలో అది ర కింద ఒత్తుగా వెళ్తుంది, అంటే సైజు సగానికి పడిపోతుంది. మేము వాడే 13 సైజులో ఆ ఒత్తు మొత్తానికీ దక్కేది ఎత్తులో నాలుగైదు పిక్సెళ్లు. ఇక అందులో చుక్కకి ఒక్క పిక్సెల్ దక్కితే గొప్ప. అంచులు నునుపు చేయడానికి సిస్టమ్ ఆ ఒక్కదాన్నీ బూడిద రంగులో కలిపేస్తుంది. దానికి తోడు తెర మీద ఎక్కువ కోడ్ పట్టాలని మా అందరికీ లైన్ ఎత్తు బిగించి ఉండేది. దాంతో ఒత్తు అడుగుభాగం కింది లైన్ కిందకి పోయేది. ఆ చుక్క కనిపించడానికి దారే లేదు. పైథాన్‌లో రెండు మాటల యూనికోడ్ నంబర్లు, అంటే ఒక్కో అక్షరానికి కంప్యూటర్లో ఉండే నంబర్లు, తీసి చూస్తే ఆ ఒత్తు నంబరుకి ఒకదాంట్లో చివర 25, ఇంకోదాంట్లో 27. అప్పుడు గానీ మేనేజరు నమ్మలేదు.

ఆ క్లర్కుకి "స్పెల్లింగ్ సరిగా రాయండి" అని మెయిల్ పెట్టమన్నారు. నేను పెట్టలేదు. మన ఊళ్లలో హాస్టళ్ల బోర్డులు చూడండి, విద్యార్ధి అనే రాసి ఉన్నవి ఎన్నో. ఆ మనిషి అందరూ రాసినట్టే రాశాడు. చివరికి రెండు స్పెల్లింగులూ ఒప్పుకునేలా కోడ్‌లో ఒక లిస్టు పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, తీసేసే ధైర్యం ఎవరికీ లేదు.

కాబట్టి ఫాంట్ విషయం. మీరు వినే పేర్లు, జెట్‌బ్రెయిన్స్ మోనో, ఫైరా కోడ్, కన్సోలస్, ఇవన్నీ మంచివే. కన్సోలస్ 2007లో విండోస్ విస్టాతో వచ్చింది, దాన్ని లూకాస్ డి గ్రూట్ గీశాడు. అప్పటి ఎల్‌సీడీ తెరల కోసం చేసినా, ఇప్పటికీ దానికి వంక పెట్టలేం. జెట్‌బ్రెయిన్స్ మోనో 2020లో వచ్చింది. దాంట్లో ఇంగ్లిష్ చిన్న బడి అక్షరాలు కాస్త ఎత్తుగా ఉంటాయి కాబట్టి అదే సైజులో ఇంకొంచెం పెద్దగా కనిపిస్తాయి. నాకు ఇదే నచ్చింది. కొరియర్ న్యూ మాత్రం వద్దు. దాని గీతలు దారప్పోగుల్లా సన్నం, సున్నాకి లోపల గీతా ఉండదు, చుక్కా ఉండదు. పాస్‌వర్డ్‌లో అది సున్నానా, ఓ అక్షరమా అని తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, ఈ ఫాంట్లలో దేంట్లోనూ తెలుగు అక్షరాలు లేవు. కోడ్‌లో తెలుగు వచ్చిన చోట సిస్టమ్ తనకి తోచిన ఫాంట్ తెచ్చి అతికిస్తుంది. విండోస్ 8 నుంచి అయితే అది నిర్మలా యూఐ, అంతకుముందు గౌతమి. లైనక్స్‌లో లోహిత్ కావచ్చు, నోటో కావచ్చు. ఇంగ్లిష్ పక్కన తెలుగు ఒకచోట చిన్నబోయి, ఇంకోచోట ఉబ్బిపోయి కనిపించేది అందుకే. దీన్ని సిస్టమ్‌కి వదిలేయకండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ సెట్టింగుల్లో ఫాంట్ ఫ్యామిలీ అని ఉంటుంది. అక్కడ ముందు మీ కోడ్ ఫాంట్ పేరు, కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు అని ఇంగ్లిష్‌లో రాయండి. ఈ తెలుగు ఫాంట్ ఉచితమే. మీ ప్రాజెక్టులో తెలుగు లేకపోతే ఈ పేరా వదిలేయండి గానీ, ఏదో ఒక రోజు "యాప్‌ని తెలుగులో కూడా ఇద్దాం" అని ఎవరో ఒకరు అంటారు.

లైన్ ఎత్తు కూడా అక్కడే ఉంటుంది. 1.6 అని ఇవ్వండి, అంటే అక్షరం సైజుకి 1.6 రెట్లు. ఇంగ్లిష్‌కి ఇంత అక్కర్లేదనిపిస్తుంది. కానీ రాష్ట్రం, స్త్రీ లాంటి మాటల్లో పైన గుడి, కింద ఒత్తు మీద ఒత్తు, వీటికి చోటు కావాలి కదా. కమాండ్లు కొట్టే టెర్మినల్ కిటికీలో మాత్రం తెలుగు మీద ఆశ పెట్టుకోవద్దు. అది తెరని సమానమైన గళ్లుగా కోసి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం కూర్చోబెడుతుంది. మన క్ష కి ఒక గడి చాలదు, ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి.

కంటికి కనిపించనివి ఇంకా ఘోరం. సాఫ్ట్‌వేర్ అని సరిగా రాయాలంటే ట్ తర్వాత వెడల్పే లేని ఒక గుర్తు పడాలి, లేకపోతే వ వెళ్లి కింద ఒత్తుగా కూర్చుంటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు మెసేజ్ చూడగానే క్రాష్ అయిన గోల గుర్తుందా? అది మన జ్ఞా మధ్యలో ఈ గుర్తు దూరడం వల్లే. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చాక గానీ సద్దుమణగలేదు. ఎడిటర్‌లో ఇలాంటి కనపడని అక్షరాల చుట్టూ డబ్బా గీసి చూపించే సెట్టింగ్ ఉంటుంది, వేసి ఉంచండి. మాకు ఆ రోజు ముందు అనుమానం వచ్చింది కూడా ఇలా కనపడని వాటి మీదే.

లిగేచర్లని ఒకటి ఉంది. సమానం గుర్తు, పెద్దది గుర్తు పక్కపక్కన కొడితే బాణంగా మారిపోతుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ మొన్న చేరిన ఒకమ్మాయి ఎవరి తెర మీదో "సమానం కాదు" గుర్తు చూసి, అది కీబోర్డ్‌లో ఎక్కడుందని వెతుకుతోంది. నేర్చుకునే రోజుల్లో అది ఆపేసి ఉంచండి. ఫైల్లో నిజంగా ఏముందో కళ్లకు అదే కనిపించాలి.

ఇక మీరడిగిన రంగులు. డార్క్ థీమ్ కళ్లని కాపాడుతుందనేది నా దృష్టిలో ఎక్కువ పాలు నమ్మకమే. వెలుతురున్న గదిలో నల్ల తెర పెట్టుకుంటే అందులో మీ మొహం, వెనకాల ట్యూబ్‌లైటు కనిపిస్తాయి. చుట్టూ నలుపు ఎక్కువైతే కంటిపాప పెద్దదవుతుంది, పాప పెద్దదైతే కంట్లో ఉన్న లోపం ఇంకా బయటపడుతుంది. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకి నల్లటి తెర మీద తెల్లక్షరాల చుట్టూ పొగలాగా కనిపించేది అందుకే. ఖమ్మం కుర్రాడు లైట్ థీమ్ పెట్టుకున్నది ఫ్యాషన్ తెలియక కాదు. రాత్రిపూట దీపాలార్పి పని చేస్తే మాత్రం డార్క్ హాయిగా ఉంటుంది. పగలు ఒకటి, రాత్రి ఒకటి పెట్టుకోండి, ఎవరూ పన్ను వేయరు.

థీములు గీసేవాళ్ల మీద నాకున్న అసలు కోపం కామెంట్ల రంగు. కోడ్‌లో మనిషి మనిషికి చెప్పిన మాట కామెంట్ ఒక్కటే, దాన్నేమో కనపడకుండా చేస్తారు. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరానికి, దాని వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుతురు తేడా, కనీసం 4.5 రెట్లు ఉండాలని నియమం. 2006 నాటి మోనోకై అనే థీమ్‌లో కామెంట్ రంగుకి లెక్కేసి చూడండి, 3 దగ్గర తేలుతుంది. డ్రాకులా థీమ్‌లోనూ అంతే. ఎంతో ఆలోచించి పదహారు రంగులు ఎంచారని అందరూ మెచ్చుకునే సోలరైజ్డ్‌లో, నల్ల రకంలో అయితే 2.8 లోపే. "ఈ ఫంక్షన్‌ని రెండుసార్లు పిలవకండి, డబ్బులు రెండుసార్లు కట్ అవుతాయి" అని ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టినా, మసక బూడిద రంగులో ఎవరి కంట పడుతుంది? నా ఎడిటర్‌లో కామెంట్లు ముదురు నారింజ రంగు. థీమ్ ఏదైనా సరే, సెట్టింగుల్లో ఆ ఒక్క రంగు మార్చుకోవచ్చు. మిగతావి, అంటే కీవర్డ్‌కి ఒకటి, వేరియబుల్‌కి ఒకటి, బ్రాకెట్‌కి ఒకటి, ఇంద్రధనుస్సంతా అక్కర్లేదు. అన్నీ మెరిస్తే ఏదీ కనపడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లు మీ టీములో ఉండొచ్చు, తెర షేర్ చేసి "ఆ ఎర్ర లైన్ చూడండి" అనకుండా లైన్ నంబర్ చెప్పండి.

ఫాంట్ కుదిరిందో లేదో చూడడానికి ఖాళీ ఫైల్లో థ ద ధ, ప ఫ ష, బ భ, విద్యార్థి, విద్యార్ధి అని కొట్టండి. పక్కనే ఇంగ్లిష్‌లో చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి, ఓ, సున్నా. మామూలుగా కూర్చునే దూరంలోనే కూర్చుని చదవండి. ముందుకి వంగాల్సి వస్తే సైజు పెంచండి. వీఎస్ కోడ్ విండోస్‌లో ఇచ్చే సైజు 14, మ్యాక్‌లో 12. అవి శిలాశాసనాలు కావు. నేను 17లో ఉన్నాను.

ఎంత పెంచినా అక్షరాలు అలికినట్టు ఉంటే తప్పు ఫాంట్‌ది కాదు, తెరది. కొన్ని ఆఫీసుల్లో కొత్తవాళ్లకి ఇంకా 14 అంగుళాల, 1366 అడ్డం 768 నిలువు తెర ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు అంటగడతారు. దాంట్లో అంగుళానికి 112 పిక్సెళ్లు. అదే సైజులో 1920 అడ్డం 1080 నిలువు తెర అయితే 157. మొహమాటపడకుండా అడగండి. హెచ్‌ఆర్‌ని అడిగితే ఫారం నింపమంటారు, ఐటీ సపోర్ట్ వాళ్లని అడగండి. ఎవరో రాజీనామా చేసి వదిలేసిన మంచి ల్యాప్‌టాప్ వాళ్ల బీరువాలో ఒకటి ఉండే ఉంటుంది.