విగ్రహాలు తీసేయడం వెనక ఉండేది రాజకీయమేనా?

చాలాసార్లు రాజకీయమేనండి, కానీ అంతమాత్రాన తీసేయడం తప్పని కాదు.

మాది వైజాగ్. మా జంక్షన్లో ఒక నాయకుడి విగ్రహం ఉండేది, పర్మిషన్ లేదని పెట్టినరోజే అందరికీ తెలుసు, ఐనా జయంతికీ వర్ధంతికీ పాలాభిషేకాలు, ఫ్లెక్సీలు ఏళ్ళతరబడి నడిచాయి, అడిగినోడు లేడు. ప్రభుత్వం మారాక ఒకరోజు రాత్రికి రాత్రే క్రేన్ తెచ్చి లేపేశారు. పొద్దున్న పాలకి వెళ్తే దిమ్మ ఒక్కటే ఉంది, పైన కోసేసిన ఇనప చువ్వలు, పక్కన తెగిపోయిన బంతిపూల దండ. ట్రాఫిక్‌కి అడ్డం అన్నారు. మరి రోడ్డుకి అడ్డం దిమ్మే కదా, దాన్నెందుకు వదిలేశారు? నేను ఆ పార్టీకి ఓటేసినవాడిని కూడా కాదు, ఐనా కడుపు మండింది.

రోడ్లమీద, ఫుట్‌పాత్‌లమీద కొత్త విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే చెప్పింది. రూల్ అందరికీ ఒకటే, గుర్తొచ్చేది మాత్రం అవతలి పార్టీ విగ్రహం దగ్గరే. మన వన్‌టౌన్‌లో విక్టోరియా రాణి బొమ్మ ఉంది చూడండి, మనల్ని ఏలినావిడ, దాని జోలికి ఎవరూ పోరు, ఎందుకంటే దానివల్ల వచ్చే ఓటూ లేదు పోయే ఓటూ లేదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని చార్లెట్స్‌విల్ ఊరి సంగతి వేరు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సైన్యం జనరల్ రాబర్ట్ లీ విగ్రహం అది, ఆ అంతర్యుద్ధం 1865లో ఐపోతే విగ్రహం పెట్టింది 1924లో, నల్లవాళ్ళని అన్నిట్లో వేరుగా ఉంచే చట్టాలు నడుస్తున్న రోజుల్లో, అంటే పెట్టడమే రాజకీయం. 2017లో సిటీ కౌన్సిల్ తీసేద్దామని ఓటేస్తే కోర్టు కేసులు పడ్డాయి, ఆ ఆగస్టులో తీయొద్దని ర్యాలీకొచ్చినవాళ్ళలో ఒకడు జనంమీదకి కారు తోలి ఒకమ్మాయి ప్రాణం తీశాడు. 2019 ఎన్నికల్లో వర్జీనియా డెమోక్రాట్ల చేతికొచ్చాక, ఇలాంటి విగ్రహాలు తీయనీకుండా అడ్డుపడే చట్టం మార్చారు, రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఒప్పుకున్నాక 2021 జూలైలో పట్టపగలు జనం చూస్తుండగా దించారు. అక్కడా పార్టీల లెక్కలున్నాయి, కాదనను. కానీ ఎవరు ఎందుకు తీశారో మొత్తం రికార్డులో ఉంది, నా దృష్టిలో తీయాల్సిందే కూడా.

మీ ఊళ్ళో ఇలాంటిది జరిగితే నోటీసు ఏ తేదీన ఇచ్చారు, అదే రోడ్డులో మిగతా విగ్రహాలకీ ఇచ్చారా అని ఆర్టీఐ పెట్టండి. మేం కాలనీ తరఫున పెట్టాం. అదే రోడ్డులో కాస్త ముందుకెళ్తే అధికార పార్టీ విగ్రహం ఒకటుంది, దానికీ పర్మిషన్ లేదు, నోటీసూ ఇవ్వలేదు.