గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్‌తో చర్మ క్యాన్సర్ వస్తుందా?

సమస్య: మా బాబుకు 11 ఏళ్లు. ఎత్తు పెరగడం లేదని చూపిస్తే గ్రోత్ హార్మోన్ లోపం ఉందన్నారు. ఏడాదిగా రోజూ రాత్రి ఇంజెక్షన్ ఇస్తున్నాం. ఈ హార్మోన్‌కూ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని అమెరికా శాస్త్రవేత్త ఒకరు తేల్చినట్టు ఈమధ్య చదివాను. బాబు అరికాలిలో చిన్నప్పటి నుంచీ ఒక పుట్టుమచ్చ ఉంది. అది చదివాక ఒకటే టెన్షన్. ఇంజెక్షన్ ఆపేయమంటారా?
- ఒక తల్లి, కరీంనగర్

సలహా: ఆపకండమ్మా. బాబును చూస్తున్న డాక్టర్‌ను అడగకుండా ఒక్క డోసు కూడా మానొద్దు.

మీరు చదివింది బహుశా ఒహాయో యూనివర్సిటీలోని జాన్ కాప్‌చిక్ పరిశోధన గురించి అయ్యుంటుంది. గ్రోత్ హార్మోన్‌ను అడ్డుకునే పదార్థాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ఆయన. దాని నుంచే పెగ్విసోమాంట్ అనే మందు వచ్చింది. ఈ హార్మోన్ మరీ ఎక్కువై పెద్దవాళ్లలో చేతులు, పాదాలు, దవడ పెరిగిపోయే ఆక్రోమెగలీ జబ్బుకు ఆ మందు వాడేందుకు అమెరికాలో 2003లో అనుమతి ఇచ్చారు.

పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్ కణాల మీదుండే రిసెప్టార్లకు అతుక్కుని, పెరగమని వాటికి సంకేతం పంపుతుంది. మెలనోమా కణాల్లో ఈ రిసెప్టార్లు ఎక్కువగా ఉంటాయని కాప్‌చిక్ బృందం గమనించింది. ల్యాబ్‌లో ఆ రిసెప్టార్లను తగ్గించి చూస్తే, క్యాన్సర్ మందును కణం నుంచి బయటికి తోడేసే పంపులు కూడా తగ్గాయి. మందు బాగా పనిచేసింది. అంటే వాళ్లు వెతుకుతున్నది అప్పటికే మెలనోమా ఉన్నవాళ్లకు చికిత్సను పదునెక్కించే దారి. లోపం ఉన్న పిల్లాడికి హార్మోన్ ఇస్తే మెలనోమా వస్తుందని ఆ పని చెప్పడం లేదు. దొంగ నిచ్చెన వాడుకుంటాడు నిజమే, అలాగని ఇంట్లో నిచ్చెన ఉన్నంత మాత్రాన దొంగ పుట్టడు కదా.

అలాగని మీ అనుమానాన్ని కొట్టిపారేయను. ఈక్వెడార్‌లో పుట్టుకతోనే ఈ రిసెప్టార్ సరిగా పనిచేయని లారాన్ సిండ్రోమ్ కుటుంబాలున్నాయి. మనుషులు బాగా పొట్టి, కానీ వాళ్లలో క్యాన్సర్ చాలా అరుదు. అందుకే పిల్లల డాక్టర్లం డోసు విషయంలో అంత జాగ్రత్త పడతాం. మీ బాబుకు ఇస్తున్నది ఒంట్లో లేనిదాన్ని భర్తీ చేసే మోతాదు. గ్రోత్ హార్మోన్ ప్రభావంతో ఒంట్లో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే పదార్థం ఎంతుందో రక్తపరీక్షలో చూసి, అది వయసుకు తగ్గ హద్దులు దాటకుండా డోసు సరిచేస్తారు. ఎనిమిది ఐరోపా దేశాల్లో చిన్నప్పుడు ఈ చికిత్స తీసుకున్న దాదాపు 24 వేల మందిని గమనించారు. వాళ్లలో వేరే పెద్ద జబ్బేదీ లేకుండా ఎదుగుదల లోపం ఒక్కటే ఉన్నవాళ్లకు మొత్తమ్మీద క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. గతంలో క్యాన్సర్ వచ్చిన పిల్లల లెక్క వేరు, వాళ్ల విషయంలో మేం ఎంతో ఆలోచించి గానీ మొదలుపెట్టం. ఏ లోపమూ లేకుండా కండల కోసం జిమ్‌లో ఎవరో ఇచ్చిన హార్మోన్ పొడిపించుకునే కుర్రాళ్లను చూస్తే మాత్రం నాకు నిజంగా భయమేస్తుంది.

ఇక పుట్టుమచ్చ. అరికాలి మచ్చల్లో ఎక్కువ భాగం ఏ హానీ చేయనివే. పిల్లల్లో మెలనోమా చాలా అరుదు. కాకపోతే మనవాళ్లలో పెద్దయ్యాక మెలనోమా వస్తే తరచుగా అరికాలు, అరచెయ్యి, గోరు కింద వస్తుంది. కాబట్టి ఓ కన్నేసి ఉంచడం మంచిదే. పగటి వెలుతురులో మచ్చ పక్కన బడి స్కేలు పెట్టి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. మూడు నెలలకోసారి అలాగే తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పాదం పెరిగే కొద్దీ మచ్చ కాస్త పెరగడం మామూలే. అంచులు వంకరపోయినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, ఒకవైపే పాకుతున్నా, రక్తం కారినా చర్మ డాక్టర్‌కు చూపించండి. ఈ ఇంజెక్షన్ వాడేవాళ్లలో పాత మచ్చలను గమనిస్తూ ఉండమని మందు సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది, అది చూసి మళ్లీ కంగారు పడకండి.

సున్నం, సోడా కలిపి పెడితే మచ్చ రాలిపోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. అలా కాల్చేస్తే బయాప్సీకి, అంటే ముక్క తీసి పరీక్షించడానికి, ఏమీ మిగలదు, అదేమిటో తెలుసుకునే వీలే ఉండదు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఐజీఎఫ్-1 ఎంత ఉందో అడిగి రాసుకోండి, మచ్చ ఫొటోలూ చూపించండి. మీ కుటుంబంలో ఎవరికైనా మెలనోమా వచ్చి ఉంటే అది కూడా చెప్పండి.